నర్సుల హ్యాండ్‌బుక్: రూల్స్ సరే.. హక్కులేవి? ఈ 6 అంశాలు ఉండాల్సిందే!

జాయినింగ్ రోజు హెచ్‌ఆర్ రూమ్‌లో ఓ పుస్తకం చేతిలో పెడతారు. 'ప్రతి పేజీలో సంతకం పెట్టు సిస్టర్.. డ్యూటీకి టైమ్ అవుతోంది' అంటారు. చదివే టైమ్ ఉండదు. లేట్ అయితే ఎంత కట్, యూనిఫామ్ ఎలా ఉండాలి.. ఇవన్నీ అందులో పక్కాగా ఉంటాయి. మరి ఆసుపత్రి నర్సుకు ఇవ్వాల్సినవి?

ఒక్క విషయం క్లియర్. చట్టం ఇచ్చిన దానికంటే తక్కువ ఇస్తామని రాసి సంతకం తీసుకున్నా.. అది చెల్లదు. హ్యాండ్‌బుక్ తయారు చేసే మేనేజ్‌మెంట్ అయినా, చదివే నర్సు అయినా చూసుకోవాల్సినవి ఇవే.

1. జీతం: 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ తప్పనిసరి. ఇక జీతం ఎంత? 2016లో సుప్రీంకోర్టు ఆదేశాలతో కేంద్రం వేసిన కమిటీ.. 50 పడకల లోపు ఆసుపత్రుల్లో కనీసం రూ.20 వేలు, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. ఇది సిఫార్సే, చట్టం కాదు. కానీ జీతం మాట్లాడుకునేటప్పుడు చూపించడానికి పనికొస్తుంది.

2. డ్యూటీ గంటలు: రిలీవర్ రాలేదని ఆపేశారా? మామూలు పని గంటలు దాటితే ఓటీకి రెట్టింపు వేతనం ఇవ్వాలి. రాత్రి 7 తర్వాత మహిళలతో పని చేయించాలంటే వారి సమ్మతి, భద్రతా ఏర్పాట్లు ఉండాలి.

3. ప్రసూతి సెలవు: అంతకుముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు.. అదీ జీతంతో. ఆ సెలవులో ఉండగా ఉద్యోగం నుంచి తీసేయకూడదు.

4. వేధింపులు, దాడులు: 10 మంది, ఆపైన ఉన్న ప్రతిచోటా లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉండాలి. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు హ్యాండ్‌బుక్‌లోనే వేయాలి. ఫిర్యాదుకు గడువు 3 నెలలు. వేధించింది డాక్టరైనా, పేషెంట్ అటెండరైనా నర్సుకు అండగా నిలవాల్సింది ఆసుపత్రే. ఇక సిబ్బందిపై దాడి చేస్తే 2008 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం కింద 3 ఏళ్ల వరకు జైలు.

5. సూది గుచ్చుకుంటే: చాలా పుస్తకాల్లో కనిపించని పేజీ ఇదే. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం హెపటైటిస్-బి, టెటనస్ టీకాలు, ఏటా హెల్త్ చెకప్ ఆసుపత్రి బాధ్యత. హెచ్‌ఐవీ రిస్క్ ఉంటే మందులు వీలైనంత త్వరగా, 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, మందు ఎక్కడుంటుంది? ఆ రెండూ రాసి ఉండాలి.

6. మానేసేటప్పుడు: రావాల్సిన జీతం 2 పనిదినాల్లో సెటిల్ చేయాలి. బాండ్‌లో ఎన్ని లక్షలు రాసినా కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, జిరాక్స్ తీసుకుని వెంటనే తిరిగి ఇస్తామని హ్యాండ్‌బుక్‌లోనే రాస్తే గొడవే ఉండదు.

ఇదంతా ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంటే సగం లాభం పోయినట్టే. తెలుగులోనూ ఇవ్వాలి, ఓ కాపీ నర్సు దగ్గర ఉండాలి. కాపీ ఇవ్వలేదా? సంతకం పెట్టే ముందు ప్రతి పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రేపు మాట తేడా వస్తే మీ దగ్గరుండే ఆధారం అదే.