ఐదు సరస్సుల చెంత ఆకురాలు కాలం: ముందస్తు అంచనాను ఎలా చదవాలి?



పోయిన నెల సోషల్ క్లాసులో సారు అట్లాసు తెరిచి ఉత్తర అమెరికా పటం చూపించారు. అమెరికా, కెనడా సరిహద్దు దగ్గర ఐదు నీలం మచ్చలున్నాయి. అవి సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ, ఒంటారియో సరస్సులు. తర్వాత సారు తన ఫోనులో అమెరికా వాతావరణ సంస్థ వేసిన ఇంకో పటం చూపించారు. అందులో సరస్సుల ప్రాంతమంతా నారింజ రంగు. నేను గబుక్కున "ఈసారి అక్కడ ఆకురాలు కాలం వేడిగా ఉంటుంది సార్" అనేశాను. "అలాగని రాశారా? మళ్ళీ చూడు" అన్నారు సారు. చూస్తే నిజంగానే అలా రాయలేదు. మరి ఏం రాశారో అర్థం కావడానికి నాకు రెండు వారాలు పట్టింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ కాలం సంగతి. మనకు ఆకులు రాలేది శిశిరంలో. టేకు చెట్లు మోడులయ్యేది అప్పుడే కదా. అక్కడ సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలలను ఆకురాలు కాలం అంటారు. రాలిపోయే ముందు మేపుల్ ఆకులు ఎర్రగా, బిర్చి ఆకులు పసుపుగా మారతాయి. సెప్టెంబరు మొదట్లో ఉత్త చొక్కాతో తిరిగినవాళ్ళే నవంబరు చివరికి వాకిట్లో మంచు తవ్వుతుంటారు.

సుపీరియర్ సరస్సు ఒక్కటే 82,100 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణ రాష్ట్రంలో దాదాపు ముప్పాతిక వంతు! ఒకచోట లోతు 406 మీటర్లు. దీన్ని సరస్సు అనడమేమిటి అనిపించింది నాకు. ఆ తీరాన ఉండే ఒజిబ్వే అనే గిరిజనులు దాన్ని గిచిగామి అంటారు. పెద్ద సముద్రం అని అర్థం. పేరు పెట్టడంలో వాళ్ళే సరైనవాళ్ళు.

అన్ని నీళ్ళు ఒకచోట ఉంటే ఏమవుతుంది? మన వంటశాలలో చూడండి. పళ్ళెం నిమిషంలో చల్లారిపోతుంది, సాంబారు గుండిగ మాత్రం ఎంతసేపటికీ చల్లారదు. సరస్సు ఆ గుండిగ లాంటిది. ఎండాకాలమంతా వేడిని తాగి, ఆకురాలు కాలంలో మెల్లగా వదులుతుంది. అందుకే మిషిగన్ సరస్సుకు తూర్పు ఒడ్డున తోటలమీద మంచు ఆలస్యంగా పడుతుంది. అక్కడ ఆపిల్, చెర్రీ, ద్రాక్ష బాగా పండుతాయి. పడమటి గాలి సరస్సు మీదుగా వచ్చి ఆ ఒడ్డును వెచ్చగా ఉంచుతుందన్నమాట.

ఆ వేడితోనే చిక్కు కూడా ఉంది. చలికాలం తెల్లవారుజామున మా ఊరి చెరువు మీద పొగ లేస్తుంది, మీరూ చూసే ఉంటారు. నీరు వెచ్చన, గాలి చల్లన. అక్కడ నవంబరులో కెనడా వైపు నుంచి గడ్డకట్టే గాలి వచ్చి సరస్సు మీద పడుతుంది. నీటికి, సుమారు 1500 మీటర్ల ఎత్తున ఉన్న గాలికి 13 డిగ్రీలకు పైగా తేడా ఉంటే ఆవిరి మేఘాలై, అవతలి ఒడ్డున మంచుగా కురుస్తుంది. అది కూడా సన్నని పట్టీలాగా. ఈరీ సరస్సు ఒడ్డున బఫెలో అనే పట్నం ఉంది. 2014 నవంబరులో దాని దక్షిణం వైపు మనిషి ఛాతీ దాటేంత, 150 సెంటీమీటర్లకు పైగా మంచు పడింది. ఉత్తరం వైపు పడింది కొద్ది సెంటీమీటర్లే. ఒకే పట్నం, ఒకే రోజులు!

తుఫానులు కూడా నవంబరులోనే బలంగా వస్తాయి. 1975 నవంబరు 10 రాత్రి ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే 222 మీటర్ల ఓడ ఇనుప ఖనిజంతో సుపీరియర్‌లో మునిగిపోయింది. అందులో ఉన్న 29 మందిలో ఒక్కరూ బతకలేదు.

ఇప్పుడు ఆ నారింజ రంగు దగ్గరకు వద్దాం. 1991 నుంచి 2020 వరకు 30 సంవత్సరాలు తీసుకోండి. ఆకురాలు కాలం ఎంత వెచ్చగా గడిచిందో చూసి మూడు కుప్పలు పెట్టండి. బాగా వెచ్చనివి 10, మధ్యస్తంవి 10, చల్లనివి 10. ఏమీ తెలియనప్పుడు ఈసారి ఏ కుప్పలో పడుతుందంటే మూడింటికీ 33 శాతం చొప్పున సమానమే. అప్పుడు పటంలో రంగు వేయరు, తెల్లగా వదిలేస్తారు. వెచ్చని కుప్ప వైపు కాస్త మొగ్గు కనిపిస్తే నారింజ వేసి పక్కన అంకె రాస్తారు. నేను చూసిన రంగు మీద 45 అని ఉంది. నేనేమో 45 శాతం ఎక్కువ వేడి అనుకున్నాను! కాదు. వెచ్చని కుప్పలో పడే అవకాశం 45, పడకపోయే అవకాశం 55. పైగా అది మూడు నెలల సగటు గురించే. ఫలానా రోజు ఎలా ఉంటుందో అందులో లేదు.

ఆ ఒక్క రోజు ఎలాంటిదో 1940 నవంబరు 11 చూపించింది. మిన్నెసోటా రాష్ట్రంలో ఆ పొద్దున వెచ్చగా ఉంది. సెలవు రోజు కావడంతో చాలామంది పలచని బట్టలతో బాతుల వేటకు నీళ్ళలోకి పోయారు. కొన్ని గంటల్లో పెనుగాలి, మంచు తుఫాను. మిన్నెసోటాలోనే 49 మంది చనిపోయారు. వాళ్ళలో సగం మంది వేటకు పోయినవాళ్ళే. అంత గట్టి తుఫాను వస్తుందని ముందు ఎవరూ హెచ్చరించలేదు.

ఇది చదువుతుంటే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. 2023లో నాన్న రేడియోలో "సాధారణ వర్షపాతం" అని విని ధైర్యంగా చోడి వేశాడు. ఆగస్టు వచ్చాక వాన మానేసింది. మన దేశంలో 1901 నుంచి అంత ఎండిన ఆగస్టు లేదట. మా నారు మడిలోనే మాడిపోయింది. నాన్న అప్పు చేసి మళ్ళీ విత్తనం తెచ్చాడు. చివరికి దేశం మొత్తం వాన సగటులో 94 శాతం పడిందని లెక్క తేలింది. చెప్పినదానికి పెద్ద తేడా ఏమీ లేదు, మా మడి మాత్రం పోయింది.

ఆ సంవత్సరం పసిఫిక్ సముద్రం మధ్య నీరు వేడెక్కింది. దాన్నే ఎల్ నినో అంటారు. అది వచ్చినప్పుడు మన నైరుతి వానలు తగ్గే అవకాశం, సరస్సుల దగ్గర చలికాలం వెచ్చగా గడిచే అవకాశం పెరుగుతాయి. 2023-24 చలికాలంలో ఆ సరస్సులు చాలా తక్కువగా గడ్డకట్టాయి. మా నాన్నకూ వాళ్ళకూ ఒకే సముద్రం లెక్క రాసిందన్నమాట.

ఒజిబ్వేల గురించి ఇంకో మాట. ఆగస్టు చివర, సెప్టెంబరులో వాళ్ళు చిన్న చెరువుల్లో దానంతట అది పెరిగే అడవి వరిని కోస్తారు. కోయడమంటే కొడవలితో కాదు. ఒకరు గెడతో దోనె నడుపుతారు, ఇంకొకరు రెండు కర్రలతో కంకులను దోనెలోకి వంచి గింజలు రాలుస్తారు. నీళ్ళలో పడ్డవి మరుసటి ఏటికి విత్తనం. పండిన గింజ ఊరికే రాలిపోతుంది కాబట్టి ఒక్క గాలివాన వస్తే పంట నీటి పాలే. ఆ మూడు నెలల సగటు ఎంత వెచ్చగా ఉన్నా ఆ ఒక్క గాలివానను ఆపలేదు.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు నాన్నకు మూడు కుప్పల లెక్క చీపురుపుల్లలతో చూపిస్తాను. "మరి నారు పొయ్యేది ఎప్పుడో ఎవరు చెప్తారు?" అని అడుగుతాడు, నాకు తెలుసు. దానికి కాలం మొదట్లో వచ్చే అంచనా కాదు, నాలుగైదు రోజుల ముందు వచ్చే సూచన వినాలి. మా ఊళ్ళో ఫోను సిగ్నలు అందేది కొండ మీద చింతచెట్టు దగ్గరే. రోజూ సాయంత్రం అక్కడికి ఎవరు పోవాలో తమ్ముడితో మాట్లాడాలి.

– 9వ తరగతి