మీకు తెలుసా? ‘రోమన్ హాలిడే’లో ఆ కేక నిజమైనదే!
రాకుమారి, విలేకరి ప్రేమలో పడతారు, కానీ కలవరు. నవ్విస్తూ నవ్విస్తూనే గుండె బరువెక్కించే ఆ ముగింపే 1953 నాటి ఈ సినిమాను ఇన్నేళ్లూ నిలబెట్టింది.

అబద్ధాలకోరు చెయ్యి కొరికేస్తుందని చెప్పే రాతి ముఖం నోట్లో గ్రెగరీ పెక్ చెయ్యి పెడతాడు. అరుస్తూ బయటికి లాగితే, మణికట్టు కింద ఏమీ లేదు! చేతిని కోటులోకి దాచేశాడు. ఆ సంగతి ఆడ్రీ హెప్‌బర్న్‌కు ముందుగా చెప్పలేదు. ఆమె బెదిరిపోయి వేసిన కేకనే దర్శకుడు విలియమ్ వైలర్ సినిమాలో ఉంచేశాడు. ఈ రాకుమారి పాత్రకే ఆమెకు ఆస్కార్ వచ్చింది.

కథ రాసిన డాల్టన్ ట్రంబో పేరు మాత్రం అప్పట్లో తెర మీద పడలేదు. కమ్యూనిస్టని హాలీవుడ్ ఆయన్ను వెలివేసింది. ఎంత అన్యాయం! మిత్రుడి పేరిట వెళ్లిన కథా ఆస్కార్, ట్రంబో చనిపోయాక 1993లో ఆయన భార్యకు అందింది.