చిగుళ్ళకు కావలసింది బిళ్ళలేనా?

అక్కయ్యలూ, చెల్లెమ్మలూ! పళ్ళు తోముకుని ఉమ్మితే ఎర్రగా కనబడుతోందా? "విటమిన్ తక్కువై ఉంటుందిలే" అని బిళ్ళలు తెప్పించుకుంటున్నారా? నేనూ అదే చేశానండీ. ఆరు నెలలు సి విటమిన్ బిళ్ళలు చప్పరించాను. చివరికి దవడ పన్ను కదిలిపోయి తీయించుకోవలసి వచ్చింది.

సి విటమిన్‌కీ చిగుళ్ళకీ సంబంధం లేకపోలేదు. చిగురును గట్టిగా ఉంచే కొలాజెన్ తయారవడానికి అది కావాలి. పూర్వం నెలల తరబడి ఓడల్లో ఉండే నావికులకు పళ్ళూ కూరలూ దొరక్క చిగుళ్ళు వాచి, నెత్తురు కారి, పళ్ళు ఊడిపోయేవి. అదే స్కర్వీ. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు 12 మంది రోగులకు ఇద్దరిద్దరికి ఒక్కో రకం చికిత్స చేసి చూస్తే, నారింజ, నిమ్మ పళ్ళు తిన్న ఇద్దరూ అందరికంటే త్వరగా కోలుకున్నారు.

మనం రేవులో ఓడల్ని చూసేవాళ్ళమే గాని, నెలల తరబడి వాటిలో ఉండేవాళ్ళం కాదు కదా! ఆడవారికి రోజుకు సుమారు 65 మిల్లీగ్రాములు చాలు. ఒక జామకాయతో అది వచ్చేస్తుంది. అప్పన్న దర్శనం చేసుకుని సింహాచలం కొండ దిగి వస్తూ కొనే అనాసపండు ముక్కలు ఓ కప్పుడు తిన్నా దాదాపు సరిపోతుంది. ఉసిరికాయ సంగతి చెప్పనే అక్కర్లేదు.

మరి నెత్తురెందుకు వస్తుంది? చాలామందిలో కారణం పాచి. చిగురు అంచున పేరుకున్న పాచి గట్టిపడితే గార అవుతుంది. గారను బ్రష్షూ తీయలేదు, బిళ్ళా కరిగించలేదు. దంతవైద్యుడే శుభ్రం చేయాలి. అశ్రద్ధ చేస్తే లోపలి ఎముక అరిగి పన్ను కదులుతుంది. నాకు జరిగిందదే. ఇల్లు ఊడవకుండా గుమ్మంలో ముగ్గు పెట్టినట్టయింది నా వైద్యం!

నెత్తురొస్తోందని తోముకోవడం మానకండి. మెత్తటి బ్రష్షుతో రెండు పూటలా, చిగురు అంచుల దాకా నెమ్మదిగా తోమండి. రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. షుగరు ఉన్నవారూ, గర్భిణులూ అంతదాకా కూడా ఆగవద్దు. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి డాక్టరుతో ముందే చెప్పాలి.

బిళ్ళలంటారా? లోపం ఉందని డాక్టరు చెబితే తప్పక వేసుకోండి. లేకపోతే ఆ డబ్బులకు జామకాయలు కొనుక్కోండి!