మోకాలి చిప్పకు పైనా, కిందా

రాయపూర్ స్టేషన్‌లో గుఢియారీ వైపు దిగే వంతెన మెట్ల దగ్గర కాసేపు నిలబడితే ఒక సంగతి కనబడుతుంది. జనం ఎక్కేటప్పుడు ఆయాసపడతారు, దిగేటప్పుడు తొందరపడతారు. మోకాలి లెక్క దీనికి తలకిందులుగా ఉంటుంది. ఎక్కేటప్పుడు అలిసేది ఊపిరి, దిగేటప్పుడు నలిగేది మోకాలు. ఒక్కో మెట్టు దిగుతున్నప్పుడు తొడ ముందువైపు కండరం సాగుతూనే బిగుసుకుని, ఒంటి బరువు ఒక్కసారిగా కిందికి జారకుండా ఆపుతుంది. కండరానికైనా, దాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్‌కైనా ఇంతకంటే కష్టమైన పని లేదు.

అందుకే మెట్టు తప్పిన మనిషి పడిపోకుండా నిలదొక్కుకోబోయిన క్షణంలోనే చాలా టెండన్లు తెగుతాయి. పడిపోతే మోచెయ్యి గీరుకుపోయేది, నలుగురూ చూసేవారు. పరువు దక్కించుకోబోయినందుకు కాలు పోతుంది.

ముందుగా ఒక తేడా తెలియాలి. కండరాన్ని ఎముకకు కలిపేది టెండన్. పాఠ్యపుస్తకాలు దీన్ని స్నాయుబంధనం అంటాయి. ఎముకను ఎముకకు కలిపేది లిగమెంట్, అంటే సంధిబంధనం. పరామర్శకు వచ్చినవాళ్లు రెండింటినీ ‘నరం తెగిందట’ అనే ఒక్క మాటలో తేల్చేస్తారు. ఈ వ్యవహారంలో నరానికి ఏ పాపమూ తెలియదు.

1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతూ బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ గాయపరచుకున్నది లిగమెంట్‌ను, మోకాలి కీలు లోపల ఉండే ఏసీఎల్‌ను. 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. అప్పటి నుంచి మోకాలు దెబ్బతిన్న ప్రతివారికీ ఆయన కథ చెప్పి ధైర్యం నూరిపోస్తున్నాం. ధైర్యానికి వంక పెట్టలేం కానీ, టెండన్ తెగినవారికి ఆ కథ సరిపోదు. లిగమెంట్ తెగితే కాలు నిలకడ కోల్పోతుంది, అడుగు వేసినప్పుడు మోకాలు పట్టు తప్పినట్టుంటుంది. టెండన్ పూర్తిగా తెగితే కాలు చాచడమే కుదరదు.

ఎందుకు కుదరదో చూద్దాం. తొడ ముందుభాగంలో నాలుగు కండరాలున్నాయి, కలిపి వీటిని క్వాడ్రిసెప్స్ అంటారు. ఇవి కిందికి వచ్చేసరికి ఒక్కటై మోకాలి చిప్ప పైఅంచును పట్టుకుంటాయి. పట్టుకునే ఆ పట్టీయే క్వాడ్రిసెప్స్ టెండన్. చిప్ప కిందిఅంచు నుంచి ముంగాలి ఎముక మీది బుడిపె దాకా మరో పట్టీ ఉంటుంది. అది పటెల్లార్ టెండన్. నడుమ ఉన్న చిప్ప బావి గిలక లాంటిది, లాగే దిశను మార్చి కండరం శ్రమ తగ్గిస్తుంది. గిలకకు ఏ పక్కన తాడు తెగినా చేద పైకి రాదు.

ఏ పక్కన తెగుతుందన్నది చాలావరకు వయసు చెబుతుంది. నలభై దాటినవారిలో ఎక్కువగా పైటెండన్, నలభై లోపువారిలో ఎక్కువగా కిందిటెండన్. 1997 మార్చిలో ఫ్లోరిడాలో గోల్ఫ్ ఆటగాడు గ్రెగ్ నార్మన్ ఇంటి మెట్ల మీద కాలు మడతపడి, అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌కు కుడి మోకాలి పైటెండన్ చాలామేర తెగింది. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు. శస్త్రచికిత్స అయిన వారానికల్లా హెల్సింకీలో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్‌తో చర్చలకు చక్రాల కుర్చీలో వెళ్లారు. 2000 ఏప్రిల్‌లో రోమ్‌లో బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు రొనాల్డోకు మైదానంలో దిగిన కొద్ది నిమిషాలకే, ఎవరూ తాకకుండానే, కిందిటెండన్ పూర్తిగా తెగింది. ఆయన వయసు 23. అదే మోకాలి టెండన్‌కు కొన్ని నెలల క్రితమే శస్త్రచికిత్స జరిగింది.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. టెండన్ అంత బలహీనమైనదేమీ కాదు. ఒక వెయిట్‌లిఫ్టర్‌కు పోటీలో బరువెత్తుతుండగా పటెల్లార్ టెండన్ తెగడం అనుకోకుండా ఫిల్ముకెక్కింది. 1977లో అమెరికా పరిశోధకులు ఆ ఫిల్మును కొలిచి, తెగిన క్షణంలో దానిమీద పడిన లాగుడు అతని ఒంటి బరువుకు పదిహేడున్నర రెట్లని లెక్కగట్టారు. మరి ఒక్క మెట్టు తప్పితే ఎందుకు తెగుతోంది?

తెగే నాటికే అది చివికి ఉంటుంది కాబట్టి. 1991లో కన్నుస్, యోజా అనే ఇద్దరు పరిశోధకులు ఒంట్లోని వేర్వేరు చోట్ల వాటంతటవే తెగిన 891 టెండన్లను సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, 97 శాతం వాటిలో పాత శిథిలత ఉందని చూపారు. ఆ శిథిలతకు చాలాసార్లు నొప్పి ఉండదు. నొప్పి లేనిది రోగమే కాదన్న మన నమ్మకం అందుకు తోడు.

ఈ శిథిలతను తొందరపెట్టేవి చాలానే ఉన్నాయి. మధుమేహం, గౌట్, ఏళ్ల తరబడి వాడే స్టెరాయిడ్లు వాటిలో కొన్ని. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్‌లు టెండన్లకు చేటు చేయవచ్చని 2008లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాటిమీద అత్యంత తీవ్రమైన హెచ్చరికను ముద్రించమంది. మనం మాత్రం విరేచనాలు పట్టుకున్న మొదటిరోజే మందుల దుకాణంలో ఆ మాత్రను పేరుపెట్టి అడిగి తెచ్చుకుంటాం.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసింది మూత్రపిండాల జబ్బు గురించి. 1931లో పూర్తయిన విజయనగరం రైలు మార్గం వెంట ఉత్తరాంధ్ర నుంచి రాయపూర్ వచ్చిన కుటుంబాలకు ఆ జబ్బు పట్టి పీడిస్తున్న ఉద్దానం ప్రాంతం పేరు చెప్పనక్కర్లేదు. ఇటు ఛత్తీస్‌గఢ్‌లో గరియాబంద్ జిల్లా సూపేబేడా గ్రామానిదీ అదే వ్యథ. మూత్రపిండాలు దీర్ఘకాలం పనిచేయకపోతే పారాథైరాయిడ్ గ్రంథి హార్మోన్ అతిగా ఊరి, టెండన్ ఎముకను పట్టుకున్న చోటు గుల్లబారుతుంది. అలాంటివారికి కుర్చీలోంచి లేస్తుండగా రెండు మోకాళ్ల పైటెండన్లూ ఒకేసారి తెగిన సందర్భాలు వైద్యగ్రంథాలకు కొత్త కావు. డయాలసిస్ మీదున్న మనిషి మోకాలు అకస్మాత్తుగా చతికిలబడితే ‘నీరసం’ అని సరిపెట్టుకోకూడదు.

తెగినట్టు తెలుసుకోవడం ఎలా? టప్పున చప్పుడు, వెంటనే వాపు, చిప్ప పైనో కిందో వేలికి తగిలే పల్లం. పరీక్షల్లో అసలుది మాత్రం ఒక్కటే. వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా, మడమను మంచం మీంచి పైకెత్తాలి. ఎత్తలేకపోతే టెండన్ పూర్తిగా తెగిందని గట్టిగా అనుమానించాలి. ఎత్తినా మోకాలు పూర్తిగా చాపుకోకుండా కాస్త వంగే ఉంటే అదీ అనుమానమే. ఈ పరీక్షకు ఖర్చు లేదు. బహుశా అందుకే ఎమ్మారై కాగితాలు చేతబట్టుకుని వచ్చిన రోగుల్లో కాలెత్తమని ఎవరూ అడగనివారు కూడా ఉంటారు. ఎక్స్‌రేలో టెండన్ కనబడదు, చిప్ప చోటు మారడం కనబడుతుంది. కిందిది తెగితే చిప్ప పైకి పోతుంది, పైది తెగితే కిందికి దిగుతుంది. కొంతమేర తెగిందా, మొత్తంగానా అన్న సందేహం మిగిలితే అల్ట్రాసౌండ్, ఎమ్మారై అప్పుడు పనికొస్తాయి.

కొద్దిమేర చీలి, కాలు చాచే శక్తి నిలిచి ఉంటే కత్తి అక్కర్లేదు. కాలు చాపి ఉంచే పట్టీతో కొన్ని వారాలు గడిపి, ఆపైన మెల్లగా వ్యాయామం చేస్తే చాలు. పూర్తిగా తెగినప్పుడు దారి వేరు. కండరం తెగిన కొసను తొడలోకి లాగేసుకుంటుంది, రెండు కొసలూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ రావు. పుత్తూరు కట్టు మీద తరాలుగా జనానికి ఉన్న నమ్మకం విరిగిన ఎముకల సంగతి. కదలకుండా ఉంచితే ఎముక అతుక్కుంటుంది, దూరమైపోయిన టెండన్ అతుక్కోదు. వేడినూనె మర్దన ఎన్ని రోజులు సాగితే కొసలు అన్ని రోజులు మరింత దూరమవుతాయి.

రెండు మూడు వారాల్లోపు అయితే చిప్పకు సన్నని రంధ్రాలు చేసి, గట్టి దారాలతో టెండన్‌ను తిరిగి దాని చోట కుట్టేయవచ్చు. నెలలు గడిచాక వస్తే కొస అందదు. అప్పుడు తొడ వెనకభాగం నుంచి మరో టెండన్ తీసి వంతెన వేయాలి. శస్త్రచికిత్స పెద్దదవుతుంది, ఫలితం చిన్నదవుతుంది. గుఢియారీ నుంచి మేకాహారా ఆసుపత్రికైనా, టాటీబంద్ ఎయిమ్స్‌కైనా దూరం తక్కువే. కాలయాపన అంతా ఇంట్లోనే జరుగుతుంది, ప్రతి బంధువుకూ ఒక సలహా చెప్పే అవకాశం ఇచ్చేసరికి.

కుట్టిన తర్వాత సుమారు ఆరు వారాలు కాలికి పట్టీ, అందులోనే వారం వారం కొంచెంకొంచెంగా వంపు. ఆరో వారానికి కర్రలు వదిలి నడవగానే చాలామంది ఫిజియోథెరపీ మానేస్తారు. నడవడానికి తొడబలం అంతగా అక్కర్లేదు, మెట్లు దిగడానికి కావాలి. అది తిరిగి రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఎంత వచ్చిందో చూడటానికి దర్జీ టేపు చాలు. చిప్పకు పైన ఒకే దూరంలో రెండు తొడలనూ చుట్టి కొలవాలి. ఆ రెండు అంకెలూ దగ్గరపడే దాకా పండగనాటి వాలీబాల్‌కు జట్టులో ఇంకొకరిని చూసుకోవచ్చు.