వార్తల్లో పదం: కౌలు కార్డు

కోనసీమలో వరి సాగు చాలావరకు కౌలుదారుల చేతుల్లోనే ఉంది. పట్టాదారు పాస్‌పుస్తకం మాత్రం యజమాని బీరువాలో ఉంటుంది. పంట రుణానికి వెళ్తే బ్యాంకు అడిగేది దాన్నే.

ఈ చిక్కు విప్పడానికే సీసీఆర్‌సీ, అంటే పంట సాగుదారు హక్కుల కార్డు వచ్చింది. దీని వెనక ఒక కథ ఉంది. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. కారణాలు తేల్చడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది కూడా ఆ ఏడే. దాని స్థానంలో ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. ఈ కార్డు దాని కిందిదే. యజమానికీ సాగుదారుడికీ మధ్య ఒప్పందం 11 నెలలకు. పొలం మీద హక్కు యజమానిదే. పంట రుణం, బీమా, నష్టపరిహారం సాగుదారుడివి.

కాగితం మీద బాగానే ఉంది. తంటా అంతా ఒక్క సంతకంతోనే.

పాత చట్టంలో యజమాని సమ్మతి అక్కర్లేదు, ఇప్పుడు తప్పనిసరి. సంతకం పెడితే పొలం చేజారుతుందని ఆయన బెంగ. గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలు దక్కదని కౌలుదారు భయం. యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే ఇక చెప్పేదేముంది!

పీఎం కిసాన్ కింద కేంద్రం ఏటా ఇచ్చే 6,000 రూపాయలు భూమి ఉన్న కుటుంబాలకే. కౌలు రైతు రాష్ట్ర సాయం కోసమే చూడాలి, దానికీ ఈ కార్డే కావాలి.