ఇన్, ఆన్, ఎట్: చోటును తెలుపు చిన్నమాటలు

తెలుగుబడిలో చదువుకొన్న వారందఱికిని విభక్తుల పట్టిక కొంతయైన జ్ఞాపకముండును. 'అందు', 'న' అనునవి సప్తమి. 'లో', 'లోపల' అనునవి షష్ఠి. 'మీద', 'క్రింద', 'వద్ద', 'నడుమ' మొదలగు మాటలు వీనికి తోడుగా నిలుచును. ఏ వస్తువు ఎచటనున్నదో చెప్పుటకు మనకు ఈ సామగ్రి చాలును. ఆంగ్లభాషలో ఇదే పనిని 'ఇన్', 'ఆన్', 'ఎట్' మొదలగు చిన్నమాటలు చేయుచున్నవి. ఆంగ్ల వ్యాకరణమున వీనిని ప్రిపొజిషనులందురు. కొత్తగా ఆంగ్లము నేర్చువారు తఱచు తడబడునది ఈ రెండు మూడక్షరముల మాటలయొద్దనే. పెద్దమాటలకు నిఘంటువు సాయపడును. 'ఎట్' అను మాటకు నిఘంటువు తెఱచినచో పది అర్థములు కనబడి, దేనిని ఎన్నుకొనవలెనో తోచక పోవును.

ఈ మాటలను విశాఖపట్నమును ఉదాహరణగా గైకొని వివరింపదలచితిమి. అచట సముద్రము, కొండ, ఓడరేవు, ఉక్కు కర్మాగారము ఒక్కచోట చేరియున్నవి. అట్టి యూరిలో ఒక వస్తువు 'లోన' నున్నదా, 'మీద' నున్నదా, 'ఆవల' నున్నదా యనుట వ్యాకరణ విషయము మాత్రమే కాదు. ఒక్కొక్కప్పుడు ప్రాణములకు సంబంధించిన విషయము.

మొదట వరుసను గూర్చి చెప్పుదుము. మనము 'బల్ల మీద' అందుము. బల్ల ముందు, మీద వెనుక. ఆంగ్లేయుడు 'ఆన్ ది టేబుల్' అనును. 'మీద' ముందు, బల్ల వెనుక. 'ప్రిపొజిషను' అను పేరునకే ముందుంచబడినది యని అర్థము. కావున వాక్యము కూర్చునపుడు 'మీద', 'లో', 'వద్ద' అను మాటను ముందుగా తలచుకొని, పిమ్మట వస్తువు పేరు పలుకుట అలవాటు చేసికొనవలెను. నాలుగు దినములు సాధన చేసినచో ఇది పట్టువడును.

ఇక అర్థమును చూతము. 'ఇన్', 'ఆన్', 'ఎట్' అను మూడింటికిని మూలమైన భేదమొకటి కలదు. మాటలాడువాడు ఆ చోటును ఏ రూపమున చూచుచున్నాడు అనునదే ఆ భేదము. నాలుగువైపుల హద్దులు గల ఆవరణముగా చూచినచో 'ఇన్'. ఒక తలముగా గాని, గీతగా గాని చూచినచో 'ఆన్'. ఒక చుక్కగా, పటములో గుర్తుపెట్టిన స్థానముగా చూచినచో 'ఎట్'.

విశాఖపట్నము ఆంధ్రప్రదేశములో ఉన్నది. రాష్ట్రమునకు హద్దులు కలవు. కావున 'ఇన్ ఆంధ్రప్రదేశ్'. ఓడ లోపలి రేవులో ఉన్నది. ఆ నీటికి చుట్టును గట్టు కలదు. కావున 'ఇన్ ది హార్బర్'. పెట్టెలో బట్టలు, వ్యాగనులో బొగ్గు, గదిలో మనుష్యులు, అన్నిటికిని 'ఇన్' చెల్లును. ఇచట తెలుగు 'లో'కును ఆంగ్ల 'ఇన్'నకును పేచీ లేదు.

డాల్ఫిన్ నోసు కొండ మీద దీపస్తంభ మున్నది; 'ఆన్ ది హిల్'. 1969లో నౌకాదళమున చేరి 2001లో విరమించిన కుర్సురా జలాంతర్గామి 2002 నుండి రామకృష్ణా బీచిలో ప్రదర్శనశాలగా నున్నది. ఒకప్పుడది సముద్రము క్రింద తిరిగెను. 'అండర్ ది సీ'. ఇప్పుడు ఇసుక మీద నిలిచినది. 'ఆన్ ది బీచ్'. మనము 'బీచిలో' అనుచున్నాము. ఆంగ్లేయునికి బీచి గదివంటిది కాదు, పఱచిన చాపవంటిది. అందుచేత అతడు 'ఆన్' అనును.

'ఆన్' అనుటకు వస్తువు పైభాగమే కానక్కఱలేదు. తాకియుండుట ప్రధానము. పటము గోడకు వ్రేలాడుచున్నది. 'ఆన్ ది వాల్'. వేలికి ఉంగరము, 'ఆన్ ది ఫింగర్'. మనము 'కి', 'కు' వాడుచోట్ల ఆంగ్లము 'ఆన్' వాడుట గమనింపుడు. గీతలకును ఇదే నియమము. దువ్వాడ హౌరా–చెన్నై రైలుమార్గమున నున్నది. 'ఆన్ ది లైన్'. విశాఖపట్నము సముద్రతీరమున నున్నది. 'ఆన్ ది కోస్ట్'. రాజమహేంద్రవరము 'ఆన్ ది గోదావరి' యని ఆంగ్లేయుడన్నచో ఊరు నదిమీద తేలుచున్నదని భయపడ నక్కఱలేదు. గోదావరి యను గీతను ఆనుకొని యున్నదని మాత్రమే అతని భావము. మనము 'ఒడ్డున' అందుము.

'ఎట్' అనునది చుక్కను చూపును. గేటువద్ద, బస్సు ఆగుచోట, తలుపువద్ద: వీని అన్నిటికిని 'ఎట్' వాడవలెను. ఒకే యూరు ఒకప్పుడు ఆవరణము, ఒకప్పుడు చుక్క కావచ్చును. అనకాపల్లిలో కాపురమున్న వానికి ఆ యూరు వీధులతో, ఇండ్లతో గూడిన ఆవరణము, 'ఇన్ అనకాపల్లి'. రైలులో పోవువానికి అది దారిలో ఒక మజిలీ. రైలు 'ఎట్ అనకాపల్లి' ఆగినది. ఊరు మాఱలేదు, చూపు మాఱినది. ఈ యొక్క సంగతి గ్రహించినచో సగము చిక్కు విడిపోవును.

వాహనముల విషయమున మఱియొక చిక్కు కలదు. 'కారులో', 'బస్సులో', 'రైలులో', 'ఓడలో' అని మనము అన్నిటికిని 'లో' చేర్చుదుము. ఆంగ్లేయుడు 'ఇన్ ది కార్' అనును గాని, 'ఆన్ ది బస్', 'ఆన్ ది ట్రైన్', 'ఆన్ ది షిప్' అనును. ఎక్కి, నిలిచి, అటునిటు నడువగల పెద్ద వాహనములకు సాధారణముగా 'ఆన్'. దూరి కూర్చుండు చిన్నవానికి 'ఇన్' అని గుర్తుంచుకొనవచ్చును. చిన్న పడవలో నున్నవాడు 'ఇన్ ది బోట్', పెద్ద ఓడలో నున్నవాడు 'ఆన్ ది షిప్'. అయితే నౌకాదళము వారి సంప్రదాయము వేఱు. తాము ఫలాని ఓడ'లో' పనిచేసితిమని చెప్పునపుడు వారు 'ఇన్' అనుటయు కలదు. తూర్పు నౌకాదళమునకు కేంద్రమైన విశాఖపట్నమున ఈ రెండు వాడుకలును చెవిని బడును. రెండును తప్పు కావు.

ఇక తెలుగున ఒక్కమాటలో చెప్పుటకు వీలులేని ఆంగ్లపదమొకటి కలదు. అది 'ఆఫ్'. మీట నొక్కి దీపమార్పునపుడు మనము వాడు మాటయే ఇది. చోటును తెలుపునపుడు దీనికి 'అంటక, కొంత ఎడముగా' అని అర్థము. తీరమునకు కొంతదూరమున సముద్రములో నిలిచిన ఓడ 'ఆఫ్ ది కోస్ట్' నిలిచినది.

విశాఖపట్నపు రేవు చరిత్రను ఈ చిన్నమాటలతోనే చెప్పవచ్చును. లోపలి రేవు ఏర్పడక పూర్వము పెద్ద ఓడలు ఊరికి ఎదురుగా సముద్రములోనే లంగరు వేసెడివి. సరకును చిన్న పడవలు మోసెడివి. అనగా ఓడ విశాఖపట్నమునకు 'ఆఫ్'. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను ఓడ కొత్తరేవులో ప్రవేశించెను. డాల్ఫిన్ నోసు కొండకును పాతనగరమునకును నడుమనున్న కాలువ గుండ లోనికి వచ్చెను. 'ఇన్ టు ది హార్బర్'. వెలుపలి రేవు 1976లో ఏర్పడినది. నేడు ఓడ సముద్రములో తనవంతుకై వేచియుండునపుడు 'ఆఫ్ విశాఖపట్నం', రేవులో ప్రవేశించిన పిమ్మట 'ఇన్ ది హార్బర్', గట్టుకు చేరి సరకు దింపుచున్నపుడు 'ఎట్ ది బెర్త్' అందురు. సరకు తెప్పించుకొను వర్తకునికి ఈ మూడును వేఱువేఱు వార్తలు. మొదటిది ఓపిక పట్టుమనును. మూడవది లారీలను సిద్ధము చేయుమనును. 'ఓడ విశాఖకు వచ్చినది' అను తెలుగువాక్యము ఈ మూడింటికిని సరిపోవును.

రేడియో వినువారికి ఈ భేదము మఱియొక చోట ఎదురగును. తుపానుల కాలమున వాతావరణ శాఖ వారి ఆంగ్ల హెచ్చరికలలో ఉత్తరాంధ్ర తీరమున 'ఎలాంగ్ అండ్ ఆఫ్' మత్స్యకారులు పోరాదని వినవచ్చును. 'ఎలాంగ్' అనగా తీరము వెంబడి. 'ఆఫ్' అనగా తీరమునకు ఆవల, సముద్రము వైపు. రెండు మాటలును కావలసియే వాడినవి. ఒడ్డు వెంట వల వేయువానికి మొదటిమాట, మరపడవపై దూరము పోవువానికి రెండవమాట. 'తీరమున పోరాదు' అని మాత్రమే అర్థము చేసికొన్నచో లోపలికి పోయినవానికి ఆ హెచ్చరిక అందనట్లే.

అట్లే 'నియర్', 'ఓవర్' అను మాటలకును భేదము కలదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము మీదుగా తీరము దాటెను. అది 'ఓవర్ విశాఖపట్నం'. 'నియర్' అన్నచో సమీపమున అని మాత్రమే. కేంద్రము ఊరిని తప్పి పోయి యుండవచ్చును. మనము తుపాను 'మీదుగా' దాటినదనియు, రైలు విశాఖ 'మీదుగా' పోవుననియు ఒకే మాట వాడుదుము. రైలు విషయమున ఆంగ్లేయుడు 'ఓవర్' అనడు. 'వయా' అనునో, 'త్రూ' అనునో. తుపాను ఊరి నెత్తిమీద పోవును గనుక 'ఓవర్'. రైలు ఊరి నడుమనుండి పోవును గనుక 'త్రూ'.

కర్మాగారములందును చిన్నమాటకు విలువ కలదు. 1966లో ఆంధ్రులు ఉద్యమించి సాధించుకొన్న విశాఖ ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగెను; 1992లో దానిని జాతికి అంకితము చేసిరి. అట్టి పెద్ద కర్మాగారములలో క్రేనులు బరువులను ఎత్తి మోయుచుండును. వ్రేలాడు బరువు క్రింద నిలువరాదను హెచ్చరికలో ఆంగ్లమున వచ్చు మాట 'అండర్'. తెలుగు 'క్రింద'కు ఆంగ్లమున 'అండర్', 'బిలో' అను రెండు మాటలు కలవు. 'అండర్' అనగా సూటిగా అడుగున, నెత్తిమీదనే ఆ వస్తువు ఉండునట్లు. 'బిలో' అనగా దానికంటె తక్కువ ఎత్తున, ఎచటనైనను. మేడమీది వానికంటె వీధిలోని వాడు 'బిలో'. మంచము అడుగున దూరిన పిల్లి 'అండర్'. క్రేను హెచ్చరికలో 'అండర్' అనుటకు కారణమిదే. 'బిట్వీన్' అను మాటయు నట్టిదే. రెండు వ్యాగనుల 'బిట్వీన్' నిలువరాదన్నచో రెంటినడుమ నని అర్థము. రెండు వస్తువుల నడుమ నైనచో 'బిట్వీన్'. గుంపులో ఒకటిగా కలిసియున్నచో 'అమాంగ్'.

అసలు ప్రిపొజిషను వలదను చోట్లును కొన్ని యున్నవి. మనము 'విశాఖకు చేరితిమి', 'గదిలోనికి ప్రవేశించితిమి' అందుము. ఆ అలవాటుచేత 'రీచ్డ్ టు', 'ఎంటర్డ్ ఇన్ టు' అనుట తఱచు జరుగుచున్నది. 'రీచ్', 'ఎంటర్' అను క్రియలు ఆ 'కు'ను, 'లోనికి'ని తమలోనే ఇముడ్చుకొన్నవి. 'వి రీచ్డ్ విశాఖపట్నం' అన్న చాలును. ఇల్లు విషయమున 'ఎట్ హోమ్' అనగా ఇంట నుండుట; ఇంటికి పోవుటకు 'గో హోమ్' అన్న చాలును, 'టు' వలదు.

సాధనకు ఒక ఉపాయము చెప్పెదము. 'ఇన్ అనగా లో, ఆన్ అనగా మీద' అని విడిగా వల్లెవేయుటవలన లాభము తక్కువ. మాటను వస్తువుతో జతచేసి నేర్వుడు: 'ఆన్ ది వాల్', 'ఎట్ ది గేట్', 'ఇన్ ది రూమ్'. ఇంటిలోని వస్తువులను దినమునకు పదింటిని చూచి, అవి ఎచటనున్నవో పిల్లలచేత ఆంగ్లమున చెప్పింపుడు. ఆంగ్లవార్తలు వినునపుడు ఊళ్ళ పేర్లకు ముందు ఏ చిన్నమాట వచ్చుచున్నదో కాగితముమీద వ్రాసికొనుడు.

అభ్యాసమునకు ఆఱు వాక్యము లిచ్చుచున్నాము. ఒకటి, ఉంగరము వేలికి ఉన్నది. రెండు, అన్నయ్య బస్సులో ఉన్నాడు. మూడు, పిల్లి మంచము క్రింద ఉన్నది. నాలుగు, అమ్మ ఇంట ఉన్నది. ఐదు, ఓడ తీరమునకు ఎడముగా సముద్రములో నిలిచియున్నది. ఆఱు, నాన్నగారు విశాఖపట్నమునకు చేరిరి. ప్రతిదానికిని తగిన ఆంగ్లపు చిన్నమాటను కాగితముమీద వ్రాసికొని, పిమ్మటనే ముందునకు చదువుడు.

సమాధానములు వరుసగా ఇవి: 'ఆన్', 'ఆన్', 'అండర్', 'ఎట్', 'ఆఫ్'. ఆఱవదానికి ఏ మాటయు అక్కఱలేదు. రెండవదానికి 'ఇన్' అని వ్రాసినవారు వాహనముల భాగమును, ఆఱవదానికి 'టు' అని వ్రాసినవారు 'రీచ్'ను గూర్చిన భాగమును మఱల ఒకసారి చదువవలెను.