కొండ ఎక్కుతూ ఆగిపోయే పాత క్యాంపర్ వ్యాను

ప్రశ్న: మ్యూనిక్‌లో ఉంటున్నాం. 1971 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యాను కొన్నాం. చదును రోడ్డు మీద హాయిగా నడుస్తుంది. ఆల్ప్స్ వైపు ఎత్తు ఎక్కేసరికి ఇంజిన్ గుంజుకుని గుంజుకుని ఆగిపోతుంది. అరగంట వదిలేస్తే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. గ్యారేజీలో చూపిస్తే అంతా బాగానే ఉందంటారు. ఎందుకిలా?

జవాబు: గ్యారేజీ వాళ్లు చెప్పింది నిజమే. మీ బండి అక్కడికి చేరేసరికి ఇంజిన్ చల్లారిపోతుంది, దాంతోపాటే లోపమూ మాయమవుతుంది. అందుకే ఆగిపోయిన మొదటి పది నిమిషాలూ చాలా విలువైనవి. అప్పుడే తేల్చుకోవాలి: ఆగింది కరెంటు అందకనా, పెట్రోలు అందకనా? ఇది తేలకుండా ఒక్కో సామానూ మారుస్తూ పోతే డబ్బు వృథా. రెండు మూడు ఒకేసారి మారిస్తే అసలు దోషి ఏదో ఎప్పటికీ తెలియదు.

బండిని రోడ్డు పక్కకు తీసి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక మూత ఎత్తండి. పెట్రోలు వాసన గుప్పుమంటే ఇంకేమీ చేయకండి, ముందు ఎక్కడ కారుతోందో చూడండి. వాసన లేకపోతే ఒక ప్లగ్గు వైరు ఊడదీసి, దానికి స్పేర్ ప్లగ్గు తగిలించండి. రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని, ప్లగ్గు ఒంటిని కార్బురేటర్‌కు దూరంగా ఇంజిన్ ఇనుముకు ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. చిటపటమంటూ నీలిరంగు స్పార్కు వస్తే కరెంటు ఉన్నట్టే. పసుపుగా, నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా నా అనుమానం కండెన్సర్ మీదికి, తర్వాత కాయిల్ మీదికి పోతుంది. రెండూ చల్లగా ఉన్నంతసేపు పనిచేసి, వేడికి లోపలి ఇన్సులేషన్ వదులై కరెంటు లీకు చేసే బాపతే. కండెన్సర్ చవక, ముందు దాన్నే మార్చండి.

పాయింట్లు కూడా చూడండి. వాటి గ్యాపు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. క్యామ్‌కు రాసుకునే ముక్క అరిగేకొద్దీ గ్యాపు తగ్గుతుంది, టైమింగు వెనక్కి పోతుంది, ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది. అంటే చిన్న అరుగుదలే మిగతా లోపాలన్నిటికీ వేడి సరఫరా చేస్తుందన్నమాట.

స్పార్కు బాగుంటే ఇగ్నిషన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ మీటను చేత్తో కదపండి. సన్నటి పెట్రోలు ధార చిమ్మాలి. చిమ్మకపోతే గిన్నె ఖాళీ. అప్పుడు ట్యాంకు మూత తిప్పి చెవి పెట్టండి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వస్తే, ట్యాంకుకు గాలి వెళ్లే దారి మూసుకుపోయి పంపు పెట్రోలు లాగలేకపోతోందని అర్థం. చప్పుడు లేకపోతే ఫిల్టర్ విప్పండి. యాభై ఏళ్ల ట్యాంకులో తుప్పు పొడి ఉండక మానదు. చదును మీద అది కనిపించదు, ఎత్తులో పెట్రోలు ఎక్కువ కావాల్సి వచ్చినప్పుడే అడ్డుపడుతుంది.

రెండూ ఉన్నా ఇంజిన్ పలకకపోతే ట్యాపెట్ల మాట చూడాలి. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌లో, ఫీలర్ గేజీతో 0.15 మిల్లీమీటర్లకు సెట్ చేయాలి. ఈ ఇంజిన్‌లో ట్యాపెట్లు కొంచెం టకటకలాడితే నాకు సంతోషమే. అసలు చప్పుడే లేకపోతేనే భయం. గ్యాపు పోతే ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోదు, కాలుతుంది. పాత నమూనాల్లో మూడో సిలిండర్‌కు వెళ్లే గాలికి ఆయిల్ కూలర్ అడ్డుండేది, అందుకే ఆ వాల్వుకే ముందు దెబ్బ తగిలేది. 1971 మోడల్‌కు కూలర్‌ను పక్కకు జరిపారు. కానీ ఇన్నేళ్లలో మీ వ్యానులో ఏ ఇంజిన్ మార్చి పెట్టారో చూసుకోవాలి.

ఇంత వేడి ఎందుకంటే, ఈ బండికి రేడియేటర్ లేదు. ఇంజిన్‌ను చల్లార్చేది ఫ్యాను ఊదే గాలి, సుమారు రెండున్నర లీటర్ల ఆయిలు, అంతే. ఇంజిన్ చుట్టూ రేకులకూ బాడీకీ మధ్య రబ్బరు పట్టీ ఒకటుంటుంది. చాలా పాత వ్యాన్లలో అది ఊడిపోయి ఉంటుంది. అప్పుడు కింద సైలెన్సర్ దగ్గరి వేడిగాలినే ఫ్యాను పైకి లాగి మళ్లీ ఇంజిన్ మీదికి ఊదుతుంది. కండెన్సర్ మార్చే రోజునే ఆ పట్టీ చుట్టూ వేలుపెట్టి తడమండి.

ఎర్ర ఛార్జింగ్ లైటు వెలిగితే మాత్రం కొండ మధ్యలో ఉన్నా ఆపేయాలి. జనరేటర్‌నూ ఫ్యానునూ తిప్పేది ఒక్క బెల్టే. అది తెగితే చల్లగాలీ ఆగినట్టే.

పెట్రోలు రబ్బరు పైపులు పగుళ్లిచ్చి ఉంటే ఏ పరీక్షకూ ముందే మార్చండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తట్టుకునే రకం అడిగి తీసుకోండి, క్లిప్పులు కొత్తవి వేయండి. ఈ ఇంజిన్ క్రాంక్‌కేసు మెగ్నీషియం మిశ్రమం. మంట దానికి అంటుకుంటే నీళ్లు పోసినకొద్దీ పెరుగుతుంది.